‘సెన్సర్ ప్రాబ్లం’ ఉన్న ఆటోమేటిక్ కారు: బేరం నుంచి రిపేరు దాకా ఒక కేస్ స్టడీ

కారు 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఏఎమ్‌టీ గేర్‌బాక్స్, అంటే మాన్యువల్ గేర్లనే యంత్రం తనంతట తానే మార్చే రకం. మీటరు మీద 61 వేల కిలోమీటర్లు. ఏపీ16 రిజిస్ట్రేషన్, ఆర్‌సీ ప్రకారం రెండో ఓనరు. అడిగిన ధర 2 లక్షల 35 వేలు. అదే మోడల్, అదే సంవత్సరం, గేర్‌బాక్స్ బాగున్న కారు అప్పట్లో విజయవాడలో మూడున్నర లక్షలకు అటూఇటూగా పోతోంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) ఏఎమ్‌టీ ఒకటికి మించి కంపెనీల కార్లలో ఉంది కాబట్టి పేరుతో పనీ లేదు.

సమస్య ఏమిటంటే, బ్రోకర్ మాటల్లోనే: "బండి సూపరండి. ట్రాఫిక్‌లో ఎక్కువసేపు తిరిగితే ఒక్కోసారి న్యూట్రల్‌లో పడుద్ది. ఆపేసి అయిదు నిమిషాలాగి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. సెన్సర్ ప్రాబ్లం. పదిహేను వందల్లో అయిపోద్ది."

కొనాలనుకున్నది గుంటూరులో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పే ఒక మేడం. మోకాలి నొప్పి వల్ల క్లచ్ తొక్కలేరు, అందుకని ఆటోమేటిక్కే కావాలి. ఖర్చులన్నీ కలిపి మూడు లక్షలు దాటకూడదు. ఆవిడ మరిది విజయవాడ ఆటోనగర్‌లో నా షెడ్డుకొచ్చి మొదట అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "మేస్త్రీ గారూ, పదిహేను వందల పనే అయితే వాళ్లే చేయించి మూడున్నరకు అమ్ముకోవచ్చుగా. మనకెందుకు లక్ష తగ్గిస్తున్నారు?"

గేర్‌బాక్స్ గొడవ ఉన్న ఏ కారు చౌకగా కనిపించినా ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. అలాగని ఆ కారు కొనకూడదని కాదు. గొడవ ఎక్కడుందో తేలితే ఇలాంటి కారు లాభసాటిగానే దొరుకుతుంది. తేలనిది ఏదైనా మిగిలిపోతే, అది పూర్తిగా పోయిందనే లెక్కతో ధర కట్టాలి. నేను ఈ కారుకు చేసిందల్లా అదే. ఏది తేలింది, ఏది తేలలేదు, ఒక్కోదాని ఖరీదెంత అన్నది కింద రాస్తున్నాను.

ఏ ఆటోమేటిక్?

కొనేవాళ్లు, అమ్మేవాళ్లు అన్నిటినీ ఆటోమేటిక్ అనే అంటారు. మేస్త్రీకి మాత్రం అవి నాలుగు వేర్వేరు జాతులు. టార్క్ కన్వర్టర్, సీవీటీ, డ్యూయల్ క్లచ్, ఏఎమ్‌టీ. సీవీటీలో స్టీలు బెల్టు, పుల్లీలు అరిగినా, డ్యూయల్ క్లచ్‌లో గేర్లు మార్పించే మెకాట్రానిక్స్ యూనిట్ పోయినా బిల్లు లక్ష దాటడం మామూలే. పాత చిన్న కారులో అలాంటి జబ్బు ఉంటే ధర ఎంత తగ్గించినా నేను వద్దనే చెబుతాను.

ఏఎమ్‌టీ కథ వేరు. 2014 ఫిబ్రవరిలో గ్రేటర్ నోయిడా ఆటో ఎక్స్‌పోలో మారుతి సెలెరియోతో ఇది మన దేశంలో చిన్న కార్లలోకి వచ్చింది. ఆ తర్వాత మిగతా కంపెనీలూ అందుకున్నాయి. అడుగున ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. అదే క్లచ్ ప్లేటు, అదే ప్రెషర్ ప్లేటు, అవే గేర్లు. ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని మాత్రం ఒక హైడ్రాలిక్ కిట్టు చేస్తుంది. చిన్న మోటారు పంపు నూనెను 40, 50 బార్ ఒత్తిడికి తోస్తుంది. కారు టైరులో ఉండే ఒత్తిడికి ఇది దాదాపు ఇరవై రెట్లు. ఆ ఒత్తిడిని అక్యుములేటర్ అనే గుండ్రటి డబ్బా నిలవ చేస్తుంది. దాని లోపల ఒక పొరకు అటువైపు నైట్రోజన్ గ్యాస్, ఇటువైపు నూనె. కంప్యూటర్ చెప్పినప్పుడు కరెంటుతో పనిచేసే సొలనాయిడ్ వాల్వులు తెరుచుకుని, నూనె తోపుతో కదిలే ఒక యాక్చుయేటర్ క్లచ్‌ను విడదీస్తుంది, ఇంకొకటి గేరు మారుస్తుంది. కొన్ని కంపెనీలు నూనె లేకుండా ఎలక్ట్రిక్ మోటార్లతోనే ఈ పని చేయిస్తాయి. వాటికి ఈ కేసు వర్తించదు.

నడుస్తున్న కారు న్యూట్రల్‌లో ఎందుకు పడుతుందంటే, నూనె ఒత్తిడి తగ్గితే క్లచ్ విడవదు. సిగ్నల్ దగ్గర క్లచ్ విడవకపోతే ఇంజన్ ఆగిపోతుంది, లేదా ముందు బండిని గుద్దుతుంది. అందుకని ఒత్తిడి ఒక హద్దు కంటే తగ్గగానే, మిగిలిన ఒత్తిడితో కంప్యూటర్ గేరు తీసేసి న్యూట్రల్‌లో పెట్టేస్తుంది. మీటరులో ఎన్ అక్షరం మిణుకుమిణుకుమంటుంది, బీప్ కొడుతుంది. కారు తనను తాను కాపాడుకుంటోందన్నమాట. ఆ ఒత్తిడి ఎందుకు తగ్గిందో మనం కనిపెట్టాలి.

ఇంజన్ స్టార్ట్ చేయకముందే

కారు గొల్లపూడిలో బ్రోకర్ స్థలంలో ఉంది. మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పించాను. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది.

విజయవాడలో చౌక కారు చూడాలంటే అన్నిటికంటే ముందు వరద సంగతి చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి కారు బయటికి ఎంత మెరిసినా గేర్‌బాక్స్ కంప్యూటర్ కనెక్టర్లలో పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. అది ఈ రోజు పనిచేసి రేపు మొండికేస్తుంది. సీటు బెల్టు చివరిదాకా లాగి చూశాను, బురద గీత లేదు. స్టెప్నీ గుంటలో, ముందు కార్పెట్ కింద ఒండ్రు లేదు. కనెక్టరు పిన్నులు శుభ్రంగా ఉన్నాయి. ఆ అనుమానం అక్కడితో తీరింది.

తర్వాత డ్రైవర్ తలుపు తెరిచి, ఎవరినీ మాట్లాడొద్దని చెప్పి, అలాగే నిలబడ్డాను. హైడ్రాలిక్ ఏఎమ్‌టీలో డ్రైవర్ తలుపు తెరవగానే పంపు తిరుగుతుంది. మనం కూర్చుని తాళం తిప్పేలోపు ఒత్తిడి సిద్ధంగా ఉండాలని అలా పెట్టారు. బ్యాటరీ వైపు నుంచి "ఝుయ్" మని ఒక శబ్దం, రెండు మూడు క్షణాలుండి ఆగిపోతుంది. ఏఎమ్‌టీ కారు ఓనర్లలో చాలామంది ఏళ్ల తరబడి ఆ శబ్దం విని అదేమిటో తెలియకుండా నడుపుతుంటారు. ఈ కారులో కూడా వచ్చింది, చప్పున ఆగింది. పంపు బాగానే తోస్తోంది. తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, దేన్నీ ముట్టుకోకుండా కూర్చున్నాను. అర నిమిషం కాకముందే మళ్లీ "ఝుయ్". కాసేపాగి మళ్లీ.

బ్రేకు తొక్కి పట్టుకుని లివరు డ్రైవ్‌లోకి వేశాను, పంపు. న్యూట్రల్, పంపు. రివర్స్, పంపు. బాగున్న కిట్టులో అక్యుములేటర్‌లో నిలవ ఉన్న ఒత్తిడితోనే మూడు నాలుగు మార్పులు జరిగిపోతాయి, ఆ తర్వాతే పంపు లేస్తుంది. ఇక్కడ ప్రతి మార్పుకూ లేస్తోంది. అయితే లేచిన ప్రతిసారీ ఒకటి రెండు క్షణాల్లోనే ఆగుతోంది. తేడా అంతా ఇందులోనే ఉంది. లోపల ఎక్కడో బాగా లీకై ఒత్తిడి పోతుంటే పంపు చాలాసేపు తిరగాలి, ఆగడానికి ఆయాసపడాలి. చిటికెలో నిండి చిటికెలో ఖాళీ అవుతోందంటే నిలవ చేసే జాగా లేదన్నమాట. అంటే అక్యుములేటర్‌లో గ్యాస్ పోయింది. అప్పటికి నా అంచనా అది.

బ్రోకర్ అప్పటికే అసహనంగా ఉన్నాడు. "ఏంటండీ, స్టార్ట్ చెయ్యకుండానే ఇంతసేపు?"

కొత్త భాగాలు చెప్పిన సంగతి

బానెట్ ఎత్తగానే కనిపించింది కొత్త బ్యాటరీ. స్టిక్కరు మీద తేదీ నాలుగు నెలల కిందటిది. టార్చి వేసి బ్రేకు పెడల్ పైన చూస్తే బ్రేకు స్విచ్ (స్టాప్ లైట్ స్విచ్) కూడా కొత్తదే, తెల్లగా మెరుస్తోంది. బ్రోకర్ వీటిని గొప్పగా చూపించాడు. నాకు మాత్రం అవి పాత ఓనరు కష్టాల చిట్టాలా కనిపించాయి.

ఏఎమ్‌టీ గేరు పడకపోతే, న్యూట్రల్‌లో పడిపోతుంటే, మొదట చూడాల్సిన చౌక కారణాలు రెండు. బ్యాటరీ బలహీనమైతే పంపు మోటారుకు కరెంటు చాలదు. బ్రేకు స్విచ్ పాడైతే మీరు బ్రేకు తొక్కిన సంగతి కంప్యూటర్‌కు తెలియదు, గేరు వేయనివ్వదు. స్విచ్ ఖరీదు కొన్ని వందలు. ఏ మేస్త్రీ అయినా మొదట ఈ రెండే మారుస్తాడు, మార్చాలి కూడా. ఈ రెండూ మార్చాక కూడా కారు అమ్మకానికి వచ్చిందంటే, చౌకగా తీరే దారులు అప్పటికే మూసుకుపోయాయని అర్థం. పదిహేను వందల మాట అక్కడే తేలిపోయింది. పాత కారు చూసేటప్పుడు తుప్పును అందరూ చూస్తారు, కొత్తగా ఉన్న వస్తువును చూసి మురిసిపోతారు. నేను కొత్తదాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే ఒక్క ఫాల్ట్ కోడ్ (లోపం నమోదు) కూడా లేదు. "చూశారా, క్లీన్!" అన్నాడు బ్రోకర్. కానీ అదే స్కానర్‌లో, కోడ్లు తుడిచేశాక కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఇంజన్ కంప్యూటర్ చూపిస్తుంది. అక్కడ 4 కిలోమీటర్లు అని ఉంది. చిన్న ఓబీడీ స్కానర్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే వస్తోంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు కోడ్ల కంటే ముందు ఈ ఒక్క లెక్క చూసుకుంటే చాలు. నిన్న తుడిచేసిన పలకను చూపించి మచ్చ లేదంటే నమ్మేస్తామా?

గ్లాసులో నీళ్లు

హైడ్రాలిక్ కిట్టు మీద చిన్న ప్లాస్టిక్ ట్యాంకు ఉంటుంది. మూత తీయగానే అనుమానం వచ్చింది. ఆ కిట్టుకు కంపెనీ పోసే నూనె వాసన నాకు అలవాటే. ఇది వేరేగా ఉంది, కొంచెం తియ్యటి ఘాటు. ట్యాంకు నిండా అంచుదాకా ఉంది. ఎవరో మట్టం తగ్గిందనుకుని పోశారు. నిజానికి ఒత్తిడి ఎక్కి ఉన్నప్పుడు నూనెలో కొంత అక్యుములేటర్‌లో ఉంటుంది కాబట్టి ట్యాంకులో మట్టం తక్కువగానే కనబడుతుంది. అది తెలియనివాళ్లు టాప్ చేస్తారు. ఏం పోసి టాప్ చేశారన్నది అసలు ప్రశ్న.

టీ కొట్టు నుంచి గాజు గ్లాసులో నీళ్లు తెప్పించాను. సిరంజితో ట్యాంకులోంచి కొంచెం లాగి నాలుగు చుక్కలు నీళ్లలో వేశాను. హైడ్రాలిక్ నూనె అయితే పైన తేలుతుంది, వేలితో కలిపినా మళ్లీ పైకే వస్తుంది. బ్రేక్ ఆయిల్ గ్లైకాల్‌తో చేసింది, అది నీళ్లలో కరిగిపోతుంది. మేం చూస్తుండగా చుక్కల్లో కొంత పల్చటి పొరలా పైన పరుచుకుంది. మిగతాది పొగలా కిందికి జారుతూ నీళ్లలో కలిసిపోయింది. మేడం గారి మరిది గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి, "రెండూ ఉన్నాయా?" అన్నాడు. రెండూ ఉన్నాయి.

దీంతో నా లెక్క మారిపోయింది. అక్యుములేటర్ ఒక్కటే అయితే అది విడిగా విప్పి బిగించే వస్తువు, పెద్ద ఖర్చు కాదు. కానీ ఈ కిట్టులోని రబ్బరు సీళ్లు హైడ్రాలిక్ నూనె కోసం చేసినవి. బ్రేక్ ఆయిల్ తగిలితే ఉబ్బుతాయి, మెత్తబడతాయి, కొన్నాళ్లకు లీకవుతాయి. ఎంత పోశారో, ఎన్నాళ్లయిందో బ్రోకర్‌కు తెలియదు. తెలిసినా చెప్పడు. సీళ్లు బయటికి కనిపించవు. యాక్చుయేటర్ల దగ్గర ఇంకా తడి లేదు. అంటే కిట్టు ఇంకా అయిదేళ్లు పనిచేయవచ్చు, రెండు నెలల్లో కారడం మొదలుపెట్టవచ్చు. దీన్ని తేల్చడానికి కిట్టు మొత్తం విప్పాలి, కొనకముందు అది ఎవరూ ఒప్పుకోరు. ముందే అనుకున్న పద్ధతి ప్రకారం, కిట్టు మొత్తం పోయిందనే లెక్క వేసుకున్నాను.

రోడ్డు మీద

సెకండ్ హ్యాండ్ కారును చల్లగా ఉన్నప్పుడే చూడాలని అందరూ చెబుతారు. ఇంజన్‌కు ఆ మాట సరిపోతుంది. ఏఎమ్‌టీని చల్లగా చూశాక వేడిగా మళ్లీ చూడాలి. బ్రోకర్ ఊరి బయట ఖాళీ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుదామన్నాడు. నేను సాయంత్రం బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కిందికి తీసుకెళ్లాను. సర్వీసు రోడ్డు మీద రామవరప్పాడు రింగు దాకా సిగ్నళ్లు, ఆటోలు, సిటీ బస్సులు, ఆగుతూ కదులుతూ, మళ్లీ వెనక్కి. తిరుగు దారిలో రమేష్ హాస్పిటల్ జంక్షన్ దాటుతుండగా బీప్ కొట్టి ఎన్ మిణుకుమంది. వెనక హారన్ల మోత. బ్రోకర్ చెప్పింది అంతవరకు నిజమే, ఆపి కాసేపాగి స్టార్ట్ చేస్తే మళ్లీ గేరు పడింది. అయితే ఆపగానే చెవి పెట్టి విన్నాను. పంపు అసలు తిరగడం లేదు. క్షణం తెరిపి లేకుండా లేస్తూ ఆగుతూ ఉండటంతో పంపు మోటారుకు కరెంటిచ్చే రిలే వేడెక్కి పట్టు వదిలేస్తోంది, చల్లారాక మళ్లీ పనిచేస్తోంది. "అయిదు నిమిషాలాగితే మామూలే" అన్న మాట వెనక ఉన్నది ఇదే. ముట్టుకుంటే రిలే వేలు కాలేంత వేడిగా ఉంది.

క్లచ్ సంగతి తేల్చడానికి కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కించాను. మాన్యువల్ మోడ్‌లో నాలుగో గేరు వేసి, నలభై అయిదు దగ్గర యాక్సిలరేటర్ ముప్పావు వంతు తొక్కాలి. పూర్తిగా తొక్కితే కొన్ని కార్లు మాన్యువల్ మోడ్‌లో కూడా కింది గేరుకు దింపేస్తాయి, పరీక్ష చెడిపోతుంది. ఆర్‌పీఎమ్ ముల్లు, స్పీడు ముల్లు కలిసి లేవాలి. ఇక్కడ ఆర్‌పీఎమ్ ఒక్క ఉదుటున అయిదారు వందలు లేచింది, స్పీడు నింపాదిగా వెనక వచ్చింది. క్లచ్ జారుతోంది. దానికి తోడు ట్రాఫిక్‌లో నెమ్మదిగా కదిలేటప్పుడు వణుకు. క్లచ్ ప్లేటు అయిపోయిందనడానికి ఇంకేం అక్కర్లేదు.

గేర్‌బాక్స్ లోపలి భాగాలు మాత్రం బాగున్నాయి. బేరింగు ఏడుపు లేదు, గేరు జారిపోవడం లేదు. వేగం తగ్గేటప్పుడు మూడో గేరులోకి దిగుతుంటే ఒక చిన్న గరుకు శబ్దం ఉంది, గేర్ల వేగాన్ని కలిపే సింక్రోనైజర్ రింగు అరుగుదల. మాన్యువల్ కారులో ఇదే శబ్దం వస్తే ఎవరూ పట్టించుకోరు. గేర్లు మారేటప్పుడు తల ముందుకూ వెనక్కీ ఊగడం గురించి మేడం గారు అడిగారు. అది ఏఎమ్‌టీ స్వభావం, రిపేరు కాదు. గేరు మారే క్షణంలో యాక్సిలరేటర్ కొంచెం వదిలితే చాలావరకు తగ్గుతుంది.

లెక్క

షెడ్డుకొచ్చి కాగితం మీద రాసిచ్చాను. తప్పనివి: క్లచ్ సెట్టు, లేబరుతో కలిపి 18 వేలు. ముందు టైర్లు రెండూ మార్చాలి, 9 వేలు. స్కానర్‌తో లెర్నింగ్ (కొత్త క్లచ్‌ను కంప్యూటర్‌కు నేర్పడం) చేయించడం, చిల్లర సామాన్లు 3 వేలు. ట్రాన్స్‌ఫర్, ఇన్సూరెన్స్ 12 వేలు. ఇవి 42 వేలు.

హైడ్రాలిక్స్‌లో రెండు దారులు. అక్యుములేటర్, రిలే, నూనె మార్చి కడిగితే సరిపోతే 12 వేలు. కిట్టు మొత్తం మార్చాల్సి వస్తే 58 వేలు.

అంటే మంచి జరిగితే 54 వేలు, చెడు జరిగితే సరిగ్గా లక్ష. అడిగిన 2 లక్షల 35 వేలకే కొంటే చెడు దారిలో 3 లక్షల 35 వేలవుతుంది. పదిహేను వేలు మిగుల్చుకోవడానికి ఇంత టెన్షన్ ఎందుకు, ఆ డబ్బుకు బాగున్న కారే బేరమాడి తెచ్చుకోవచ్చు. రెండు లక్షలు దాటొద్దని చెప్పాను.

బ్రోకర్‌తో మాట్లాడేటప్పుడు నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు, లేని లోపం ఒక్కటి కూడా కలపలేదు. అలా కలిపే మేస్త్రీలున్నారు. బ్రోకర్లకు అది తెలుసు కాబట్టి మేస్త్రీ మాటను సగానికి కోసి వింటారు. గ్లాసు, సిరంజి ఇంకా అక్కడే ఉన్నాయి. కాలే రిలేను ఆయన చేత కూడా ముట్టించాను. "మేస్త్రీ గారూ, మీరు చెప్పే లక్ష పడకపోతే మేడం గారికి లాభమేగా?" అన్నాడు. "పడితే మీరు తిరిగిస్తారా?" అని మరిది అడిగాడు. చివరికి 2 లక్షల 10 వేల దగ్గర తెగింది. నా అంకె కంటే పది వేలు ఎక్కువ. చెడు దారిలో మొత్తం 3 లక్షల 10 వేలవుతుంది, మీ బడ్జెట్ మీద పది వేలు దాటొచ్చు అని మేడం గారికి ముందే చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారు.

డబ్బు ఇచ్చేముందు కాగితాల దగ్గర ఒక రోజు ఆగాల్సి వచ్చింది. ఆర్‌సీలో ఉన్న రెండో ఓనరు బ్రోకర్‌కు అమ్మేసి సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఇచ్చేశాడు. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు కూడా ఇంకా ఉంది, లోన్ మాత్రం తీరిపోయింది. ఓనరు పేరు మార్చే ఫారం 29, 30తో పాటు ఫైనాన్స్ వాళ్ల ఎన్ఓసీ, ఆర్‌సీలోంచి వాళ్ల పేరు తీయించే ఫారం 35 వచ్చాకే మిగతా డబ్బు ఇమ్మన్నాను. పాత ఓనరుకు నేనే ఫోన్ చేసి, బండి మీ పేరు మీదే ఉండిపోతే రేపు యాక్సిడెంట్ అయినప్పుడు పరిహారం మీ మెడకే చుట్టుకుంటుందని చెప్పాను. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అదే, రికార్డుల్లో పేరున్నవాడే ఓనరు. మర్నాడే వచ్చి సంతకాలు పెట్టి వెళ్లాడు. మాటల్లో మాటగా, ట్యాంకులో నూనె తక్కువుందని పెట్రోల్ బంకు దగ్గర మెకానిక్‌తో పోయించిన సంగతీ చెప్పాడు. సంక్రాంతికి ఊరెళ్లే ముందట. అప్పటికి ఏడెనిమిది నెలలైంది.

రిపేరు

గేర్‌బాక్స్ దించితే క్లచ్ ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయింది. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, బాగా కాలిన గుర్తు. ఎక్కుడు మీద ఆగినప్పుడు బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తో కారును నిలబెట్టే అలవాటు ఉన్నవాళ్ల కార్లలో ఇలాగే ఉంటుంది. ఏఎమ్‌టీలో రెండు పెడళ్లే ఉండటంతో క్లచ్ అనేదే లేదని అనుకుంటారు. ఫ్లైవీల్‌ను లేత్ మీద చెక్కించాను, 1,800 అయింది. అది నా లెక్కలో లేదు.

అక్యుములేటర్ విప్పాను. నూనె రంధ్రంలోంచి సన్నటి చువ్వతో లోపలి పొరను నొక్కితే తేలిగ్గా వెనక్కి పోయింది, గ్యాస్ లేదని ఖాయమైంది. కొత్తది వేసి, పాత నూనె మొత్తం తీసి, కంపెనీ చెప్పిన నూనె పోసి గేర్లు అటూఇటూ మార్పించి మళ్లీ తీసి, నీళ్ల గ్లాసులో చుక్క పూర్తిగా తేలేదాకా అలా కడిగాను. నూనె ఖర్చు పెరుగుతుంది కానీ ఇక్కడ పిసినారితనం పనికిరాదు. రిలే కొత్తది.

క్లచ్ మార్చాక లెర్నింగ్ తప్పనిసరి. కొత్త ప్లేటు ఎక్కడ అంటుకుంటుందో, ఏ గేరు ఏ స్థానంలో ఉందో కంప్యూటర్‌కు స్కానర్ ద్వారా మళ్లీ నేర్పాలి. మామూలు చిన్న ఓబీడీ స్కానర్‌తో ఇది కాదు. ఈ పని వదిలేసి బండి ఇచ్చేస్తే కొత్త క్లచ్ కూడా కుదుపుతో నడుస్తుంది, త్వరగా అరుగుతుంది. క్లచ్ మార్పించుకునేవాళ్లు బిల్లులో లెర్నింగ్ ఉందో లేదో అడగడం మంచిది. అయ్యాక అదే సర్వీసు రోడ్డు మీద, అదే సాయంత్రం రద్దీలో తిప్పాను. పంపు మూడు మార్పులకోసారి లేస్తోంది. రిలే గోరువెచ్చగా ఉంది.

మేడం గారికి రెండే మాటలు చెప్పాను. ఎక్కుడు మీద బ్రేకుతోనే ఆపండి. తలుపు తీసినప్పుడు వచ్చే శబ్దం వినండి, అది పొడుగైనా, తరచుగా వచ్చినా ఫోన్ చేయండి.

రెండు నెలల తర్వాత ఫోన్ వచ్చింది. "మేస్త్రీ గారూ, ఆ శబ్దం ఎక్కువసేపు వస్తోందండీ." ఈసారి లక్షణం వేరు, పంపు చాలాసేపు తిరుగుతోంది. అంటే లీకు. చూస్తే క్లచ్ యాక్చుయేటర్ కింద నూనె తడి. బ్రేక్ ఆయిల్ తిన్న సీలు వదిలేసింది. కారు న్యూట్రల్‌లో పడి రోడ్డు మధ్య ఆగకముందే తెలిసింది కాబట్టి పంపు మోటారు కాలిపోలేదు. యాక్చుయేటర్ ఒక్కటే మార్చాను, 16,500. గేరు మార్చే యాక్చుయేటర్ పొడిగా ఉంది, వాల్వు బ్లాకు కూడా. వాటిని ముట్టుకోలేదు.

మొత్తం లెక్క ఇలా తేలింది. కారు 2,10,000. క్లచ్ 18,000, ఫ్లైవీల్ 1,800, అక్యుములేటర్, రిలే, నూనె 12,000, లెర్నింగ్, చిల్లర 2,500, టైర్లు 9,000, కాగితాలు, ఇన్సూరెన్స్ 12,000, తర్వాత యాక్చుయేటర్ 16,500. అన్నీ కలిపి 2,81,800. రెండు దారులకు మధ్యలో ఆగింది. మిగిలిన పద్దెనిమిది వేలను కారు కోసమే పక్కన పెట్టుకోమన్నాను. గేరు యాక్చుయేటర్ సీలు కూడా అదే నూనెలో నానింది కదా. మూడో గేరు గరుకు శబ్దం ఇప్పటికీ అలాగే ఉంది, దాని కోసం గేర్‌బాక్స్ విప్పాల్సిన అవసరం ఇంకా రాలేదు.